పచ్చ లైటు నేనే పెట్టాను

దూరం నుంచి వచ్చి ఆగిన బండి కింద సైలెన్సర్ పైపు టిక్కు టిక్కుమంటూ చల్లారుతుంది. ఆ చప్పుడు వింటే నాకు ఎవరో కుళాయి కట్టేయకుండా వెళ్ళిపోయినట్టు ఉండేది. ముప్పై ఏళ్ళు బళ్ళో ఫిజిక్స్ చెప్పాను. బండి తాగే డీజిల్‌లో ఇంచుమించు మూడో వంతు వేడిగా మారి ఆ గొట్టంలోంచి ఊరికే గాలిలో కలిసిపోతుందని ఏటా బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెప్పేవాణ్ణి. పిల్లలు రాసుకుని పరీక్ష అయ్యాక మర్చిపోయేవారు. నేనే మర్చిపోలేకపోయాను.

నాకు పుట్టుకతోనే భయం జాస్తి. గ్యాస్ కట్టేశానో లేదో మూడుసార్లు చూస్తాను. తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి ఇంకోసారి లాగుతాను. "ఈయన పరలోకం గుమ్మం దగ్గర కూడా తాళం లాగి చూస్తారు" అని మా ఆవిడ మా చర్చి సంఘంలో అందరికీ చెప్పి నవ్విస్తుంది. ఇంత జాగ్రత్త మనిషిని, భయపడాల్సిన ఒక్క చోట భయపడలేదు. కిందటి వేసవి సంగతి ఇది.

మాది గుంటూరు వైపు. ఉద్యోగాల కోసం వచ్చి మారేడ్‌పల్లిలో ఉండిపోయాం. మా ఆవిడ నర్సు. రిటైరయ్యాక ఇంట్లో తోచక, మా చర్చి వాళ్ళు నడిపే మందుల బండిలో వెళ్ళడం మొదలుపెట్టింది. అదొక పాత వ్యాను. వారానికి నాలుగు రోజులు బొల్లారం దాటి పల్లెలకు వెళ్తుంది. ఏ బడి గోడ పక్కనో ఆగుతుంది. అక్కడ ఆవిడ బీపీలూ షుగర్లూ చూసి, కొనుక్కోలేని వాళ్ళకు ఇన్సులిన్ సీసాలిచ్చి, మధ్యాహ్నం రెండింటికి తిరిగొస్తుంది.

ఇన్సులిన్‌ను చల్లగా ఉంచాలి. మొదట్లో ఆవిడ రాత్రి మా ఫ్రిజ్‌లో ఐస్ ప్యాకులు గడ్డ కట్టించి, పొద్దున్నే ఒక దళసరి డబ్బాలో సీసాల చుట్టూ సర్దుకుని వెళ్ళేది. అవి ఎండాకాలం పన్నెండింటికల్లా నీళ్ళయ్యేవి. సంఘం పెద్దలు బండి బ్యాటరీ మీద నడిచే చిన్న కూలింగ్ పెట్టె కొనిచ్చారు. బండి ఆగి ఉన్నంతసేపూ అది బ్యాటరీని తాగేసేది. ఒకరోజు బండి స్టార్ట్ కాక, సూదులు వేయించుకోవడానికి వచ్చిన ముసలివాళ్ళే దాన్ని తోయాల్సి వచ్చింది. మా ఆవిడ ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే నాకు సైలెన్సర్ గుర్తుకొచ్చింది.

బిస్కెట్టంత పలకలు దొరుకుతాయి. ఒక వైపు వేడి తగిలి, రెండో వైపు చల్లగా ఉంటే వాటిలో కరెంటు పుడుతుంది. రెండు వైపులకీ ఎంత తేడా ఉంటే అంత కరెంటు. ఒక డజను తెప్పించాను. రాణిగంజ్‌లో ఒక వెల్డరు చేత అల్యూమినియం దిమ్మె చేయించి, సైలెన్సర్ పైపు చుట్టూ వాటిని బిగించాను. బయటి వైపు రెక్కలు పెట్టాను, బండి పరుగెత్తేటప్పుడు గాలి తగిలి చల్లబడడానికి. వాటి తీగలను కూలింగ్ పెట్టెకు కలిపాను. ఈ పని నెల పట్టింది. అన్నాళ్ళూ బండి కింద నా పక్కన పడుకుని స్పానర్లు అందించినవాడు బండి డ్రైవరు.

అతనిది మౌలాలి. నలభై అయిదేళ్ళుంటాయి. డీజిల్ విషయంలో నాకన్నా పిసినారి. సిగ్నల్ పడితే ఇంజిన్ ఆపేస్తాడు, దిగుడొస్తే న్యూట్రల్ చేస్తాడు. పెద్దలు అడిగారని కాదు, అది అతని స్వభావం. అందుకే మా ఇద్దరికీ పడింది.

"సార్, గీ బిస్కిట్లు నిజంగనె కరెంటిస్తయా?" అని అడిగాడు.

"ఒక పక్క వేడి, ఒక పక్క చల్లదనం. ఆ తేడా ఉన్నంతసేపూ ఇస్తాయి."

"అంటె అత్తకోడండ్ల లెక్కనే. తేడ ఉంటెనే కరెంటు" అని బండి కింద పడుకునే పకపకా నవ్వాడు. ముప్పై ఏళ్ళలో నా పాఠం ఇంత త్వరగా పట్టుకున్నవాడు లేడు.

జనవరిలో మేడ్చల్ దాకా వెళ్ళి వచ్చాం. పెట్టె లోపల నేను థర్మామీటరు పెట్టాను. తిరిగొచ్చి తీస్తే అయిదు డిగ్రీలు. ఊరికే పోయే పొగతో అయిదు డిగ్రీలు! ఆరోజు అరవై దాటిన మనిషిని వీధిలో ఈల వేశాను.

"సార్, పెట్టె సల్లగున్నదో లేదో సిస్టరమ్మకు ఎట్ల ఎర్కయితది?" అని డ్రైవరు అడిగాడు. మంచి ప్రశ్న. లోపలి వేడిని చూసి వెలిగే లైటు పెట్టొచ్చు, కష్టమేమీ లేదు. కానీ నా డబ్బాలో ఒక చిన్న పచ్చ లైటు పాతది పడి ఉంది. పలకల్లోంచి కాస్త కరెంటు వస్తే చాలు, అది వెలుగుతుంది. కరెంటు వస్తోందంటే పెట్టె చల్లగానే ఉంటుంది కదా అనుకుని దాన్నే స్టీరింగ్ పక్కన బిగించాను. బండి ఆగినప్పుడు పనికొస్తుందని ఒక చిన్న బ్యాటరీ కూడా కలిపాను. "పచ్చ లైటు వెలుగుతుంటే దిగుల్లేదు" అని మా ఆవిడకూ అతనికీ చెప్పాను. ఈ వాక్యం నేనే అన్నాను, వేరెవరూ కాదు.

ఆ వారం నుంచే మా ఆవిడ ఐస్ ప్యాకులు మానేసింది. ఇంట్లో మిగిలిన వాటిని ఏం చెయ్యాలో తెలియక మోకాళ్ళ నొప్పికి వాడుకుంది.

మా చర్చిలో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలకు వేళ ఉంటుంది. దేవుడు తమకేం మేలు చేశాడో ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా ఆవిడ చెంగు సర్దుకుని లేచింది. "మావారికి ప్రభువిచ్చిన జ్ఞానాన్ని బట్టి స్తోత్రం. పొగలో పోయే వేడితో మందులు చల్లగా ఉంటున్నాయి. ఇన్ని వారాలుగా ఒక్కరోజు కూడా ఆ లైటు ఆరలేదు" అంది. అందరూ స్తోత్రం అన్నారు. గుమ్మం దగ్గర పెద్దలు నా చెయ్యి పట్టుకుని ఊపారు. సాక్ష్యం చెప్పిన వాళ్ళను నేను చాలామందిని చూశాను. చెప్పినదాన్ని మళ్ళీ లేచి వెనక్కి తీసుకున్న మనిషిని మాత్రం ఇంతవరకు చూడలేదు.

మే నెల వచ్చింది. ఒకరోజు భోంచేస్తూ మా ఆవిడ చెవి రుద్దుకుంటోంది.

"ఏమైంది?"

"ఏముంది, పొద్దున్నించీ ఇంజిన్ మోత. స్టెతస్కోపు పెడితే మనిషి నాడి వినపడదు, బండి నాడి వినపడుతుంది" అంది.

"ఆగి ఉన్నప్పుడు ఇంజినెందుకు?"

"మీ పెట్టె కోసమే. ఎండలు మొదలైనప్పటి నుంచీ ఇంజిన్ ఆపేస్తే కాసేపటికి పచ్చ లైటు ఆరిపోతోందట. అందుకని పాపం అతను బండి స్టార్ట్‌లోనే పెడుతున్నాడు, నెల పైనే అయింది."

నేను లెక్క వేసుకుంటున్నాను. వద్దన్నా లెక్క సాగిపోతోంది. నడిచే బండి సైలెన్సర్ వేరు, నిలబడి గుడగుడమనే బండి సైలెన్సర్ వేరు. నిలబడితే పొగ గోరువెచ్చగా వస్తుంది, రెక్కలకు గాలి తగలదు, పలకల రెండు వైపులకీ అంత తేడా ఉండదు. కరెంటు లైటుకు సరిపోతుంది, పెట్టెకు సరిపోదు. ఆ బండి రోజుకి నడిచేది గంటన్నర, నిలబడేది అయిదు గంటలు. నేను జనవరిలో పరీక్ష పెట్టింది పరుగెత్తే బండికి. ముప్పై ఏళ్ళు ప్రశ్నపత్రాలు తయారుచేసినవాణ్ణి, నాకు నేను పెట్టుకున్న పరీక్షలో జవాబు తెలిసిన ప్రశ్నే వేసుకున్నాను.

ఆ రాత్రి ఎలా తెల్లవారిందో నాకే తెలియదు. పొద్దున్నే వాళ్ళతో బండెక్కాను, ఊరికే చూద్దామని చెప్పి. చొక్కా జేబులో థర్మామీటరు ఉంది. పదకొండింటికి, బండి బడి గోడ పక్కన నిలబడి గుడగుడమంటుండగా, మా ఆవిడ బయట బల్ల దగ్గర ఉన్నప్పుడు, పెట్టె మూత తీసి థర్మామీటరు లోపల పెట్టాను. పది నిమిషాలు కూర్చున్నాను. స్టీరింగ్ పక్కన పచ్చ లైటు చక్కగా వెలుగుతోంది. తీసి చూస్తే ముప్పై ఎనిమిది. తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ ముప్పై ఎనిమిదే. బయటి ఎండ ఇంకా ముదరలేదు.

పాలు చెడితే విరుగుతాయి. కూర చెడితే వాసనొస్తుంది. ఇన్సులిన్ చెడితే ఏమీ చెప్పదు, అదే సీసాలో అలాగే తేటగా కూర్చుంటుంది. రోజూ ఎండకు ఉడికి, సాయంత్రం ఫ్రిజ్ ఎక్కి, పొద్దున్న మళ్ళీ బండెక్కిన సీసాలు అవి. కొన్ని అప్పటికే జనం ఇళ్ళకు చేరాయి.

డ్రైవరు కిటికీలోంచి తొంగిచూశాడు. "ఏమైంది సార్? మొఖం గట్లయింది?"

"ఇంజిన్ ఎందుకు ఆపట్లేదయ్యా?"

"లైటు ఆరితె సిస్టరమ్మ పరేషాన్ అయితది గద సార్. డీజిల్ సంగతి ఫికర్ చెయ్యకున్రి, నేను దిగుడ్లల్ల న్యూట్రల్ కొట్టి మిగిలిస్తున్న." గర్వంగా చెప్పాడు. సిగ్నల్ దగ్గర అరనిమిషం ఇంజిన్ ఆపే మనిషి, నా పెట్టె కోసం రోజూ అయిదు గంటలు తన స్వభావాన్ని చంపుకున్నాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. బయట బల్ల దగ్గరికి నాలుగడుగులు వేసి, ఆ సీసాలు పారెయ్యి, ఇచ్చినవి వెనక్కి తెప్పించు అని మా ఆవిడతో అంటే సరిపోయేది. వేశాను కూడా ఆ నాలుగడుగులు. ఆవిడ తలెత్తి చూసింది. "ఎండలు ముదిరాయి. లైటు వెలుగుతున్నా సరే, రేపటి నుంచి ఐస్ ప్యాకులు కూడా పెట్టు, ఎందుకైనా మంచిది" అన్నాను. "మీ భయం మీదేగా" అని నవ్వింది. పెట్టెలో మిగిలిన సీసాలను ఆ సాయంత్రం ఫ్రిజ్‌లో పెడుతున్నట్టు నటించి నేనే పారేశాను. కొత్తవి సొంతంగా కొని ఆ చోట పెట్టాను. ఇళ్ళకు చేరిన సీసాల గురించి నోరు మెదపలేదు. కొంచెం బలం తగ్గి ఉంటుందేమో గానీ మరీ నీళ్ళయిపోవు అని నాకు నేను చెప్పుకున్నాను. అప్పటి నుంచి తేలు కుట్టిన దొంగలా తిరిగాను.

అదే రోజుల్లో మా ఆవిడ సణగడం మొదలుపెట్టింది, అందరికీ షుగర్లు పెరిగిపోతున్నాయని. "మామిడిపళ్ళ కాలం కదా. ప్రతి మే నెలా ఇదే గోల. ఏ మాటా వినరు" అంది.

ఆ మాట నాకు ప్రాణం పోసింది. మామిడిపళ్ళు! నిజమే కదా. బొల్లారం దాటితే రోడ్డు పొడుగునా గంపలే. మర్నాటి నుంచి నేను బండిలో వెళ్ళి, వరసలో కూర్చున్న వాళ్ళ పక్కన చేరి, కబుర్లలో పెట్టి అడిగేవాణ్ణి, ఈ ఏడు మామిడిపళ్ళు తిన్నారా అని. తిన్నామని ఎవరైనా నవ్వితే నాకు ఆ పూట అన్నం సహించేది. ఒక ముసలాయన రోజుకు నాలుగు రసాలు జుర్రుతున్నానని సిగ్గుపడుతూ చెప్పాడు. ఆయన్ని కావలించుకోవాలనిపించింది. షుగర్ రోగి మామిడిపండు తిన్నాడని సంతోషించిన మనిషి ఈ జంటనగరాల్లో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఒకరోజు తిరుగుదారిలో డ్రైవరు మా ఆవిడతో అన్నాడు. "సిస్టరమ్మా, మా ఇంటామె కాలికి చెప్పు కరిసింది. నెల అయితుంది, పుండు మానుతలేదు. షుగర్ సుత మస్తు చూపిస్తుంది."

అతని భార్యకు షుగర్ ఉందని, ఆమె కూడా మా బండి ఇన్సులినే వాడుతుందని నాకు తెలుసు. తెలిసి, ఆమెను ఆ లెక్కలోకి రానివ్వలేదు. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పొద్దస్తమానం నిలబడే పని. ఏప్రిల్ ఆఖరులో ఇచ్చిన సీసా ఆమె ఇంట్లో ఉంటుంది.

మా ఆవిడ మారేడ్‌పల్లిలో దిగి ఇంట్లోకి వెళ్ళింది. నేను బండి దగ్గరే ఆగాను. ఆ సీసా పారెయ్యమని చెప్పు, చెప్పు అని లోపల ఏదో కొట్టుకుంటోంది. నోటి నుంచి వచ్చింది మాత్రం వేరే.

"మామిడిపళ్ళు గానీ తింటోందా?"

అతను నా ముఖంలోకి చూశాడు. తర్వాత, "అవ్ సార్. మస్తు తింటది. చెప్తె ఇనది" అన్నాడు.

నేను ఊపిరి వదిలాను. లోపలికి వెళ్ళి మా ఆవిడతో, "డ్రైవరు భార్య మామిడిపళ్ళు తెగ తింటోందట, అందుకే మానట్లేదు" అని నేనే చెప్పాను. అడక్కుండానే చెప్పాను. ఆవిడకు కోపం వచ్చి అప్పటికప్పుడు ఫోన్ చేసి ఆమెను చెడామడా తిట్టింది. వంటింట్లోంచి నాకు వినపడుతూనే ఉంది, "కాలు పోగొట్టుకుంటావే పిచ్చిదానా, ఆ నోరు కట్టుకోలేవా" అని. అవతల ఆమె ఏమంటోందో నాకు వినపడలేదు. ఆ రాత్రి వారం రోజుల తర్వాత మొదటిసారి నిద్రపోయాను.

పదిహేను రోజులకు డ్రైవరు సెలవు పెట్టాడు. ఆమెను ఆసుపత్రిలో చేర్చారు. చీము లోపలికి పాకిందట. కాలి చిటికెన వేలూ దాని పక్క వేలూ తీసేశారు.

ఇంటికొచ్చిందని తెలిశాక మా ఆవిడ చూసొద్దామంది. షుగర్ మనిషికి పళ్ళు తీసుకెళ్ళకూడదని రాగిపిండి, గుడ్లు సర్దింది. మౌలాలిలో రైల్వే క్వార్టర్ల వెనక సందు, రెండు గదుల ఇల్లు. ఆమె మంచం మీద కాలు దిండుపై పెట్టుకుని ఉంది. కట్టు తెల్లగా, పెద్దగా ఉంది. నేను దాన్ని చూడకుండా గోడ మీది క్యాలెండరు చూశాను.

మా ఆవిడ డాక్టరు రాసిన చీటీలు చూస్తానని డ్రైవరుతో లోపలి గదిలోకి వెళ్ళింది. ఆమె, నేను మిగిలాం. ఆమె గొంతు తగ్గించి మాట్లాడింది.

"సార్, మీరన్న నమ్మున్రి. నేను మామిడిపండు తినలే. షుగర్ అని చెప్పినప్పటి సంది ముట్టలే. డాక్టరు సుత తిట్టిండు, నర్సులు తిట్టిండ్రు, మా అత్తమ్మయితె ఊరి నుంచి ఫోన్ల తిడుతుంది. వంటల నాతోటి జేసేటామె సుత, నోరు కట్టుకోకుంటె గిట్లనే అయితది అన్నది. నేను తినలే అంటె అందరు నవ్వుతున్రు. ఎవలు చెప్పిండ్రో సార్ గీ మాట."

ఫ్రిజ్ పక్కనే ఉంది. చెయ్యి చాచి తలుపు తెరిచి, తలుపు అరలోంచి ఒక చిన్న సీసా తీసింది. మెత్తటి పాత గుడ్డలో చుట్టి ఉంది. "మందు సుత ఒక్కదినం తప్పలే. సూడున్రి, ఎంత పైలంగ పెట్టుకున్న" అంది. అడుగున కొంచెం మిగిలి ఉంది. ఏప్రిల్ సీసా.

నేను లేచి బయటికి వచ్చేశాను. డ్రైవరు నా వెనకే వచ్చాడు.

"తినిందని ఎందుకు చెప్పావయ్యా నాతో?"

అతను గోడకు ఆనుకున్నాడు. "ఆ దినం మీ మొఖం జూడలేకపోయిన సార్. మీ మిషిన్ల ఏదో తప్పు పడ్డదని మీరు లోపల్లోపల కుములుతున్రు. ఆమె తిన్నదంటె మీ మనసు నిమ్మలమైతదనిపిచ్చింది. ఒక్క మాట గద అనుకున్న. గింత దూరం పోతదని ఎర్కలేదు." నా వైపు తిరిగి, "మందుకేం కాలే గద సార్?" అని అడిగాడు.

లోపలి నుంచి మా ఆవిడ పిలిచింది, ప్రార్థన చేసుకుని బయల్దేరదామని. వాళ్ళు హిందువులు. అయినా మా ఆవిడ ఎప్పుడొచ్చినా ప్రార్థన చేస్తుంది, వాళ్ళు చేతులు జోడించి కళ్ళు మూసుకుంటారు. ముగ్గురం మంచం చుట్టూ నిలబడ్డాం. మా ఆవిడ ఆమె తల మీద చెయ్యి పెట్టింది. ఆసుపత్రి నుంచి క్షేమంగా తెచ్చినందుకు స్తోత్రం చెప్పింది. మిగిలిన వేళ్ళ కోసం, పాదం కోసం బతిమాలుకుంది. ఆ ప్రేమ నిజమైనదే. తర్వాత, "ప్రభువా, ఈ బిడ్డకు బుద్ధి దయచెయ్యి. నోరు కట్టుకునే శక్తి..."

నేను కళ్ళు తెరిచాను. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. చేతులు జోడించే ఉంది. పెదవులు మాత్రం బిగుసుకున్నాయి. తను చేయని తప్పుకి దేవుడి దగ్గర కూడా తలవంచుకుని కూర్చుంది.

"ఆపు" అన్నాను.

మా ఇళ్ళల్లో ప్రార్థన మధ్యలో మాట్లాడినవాళ్ళు లేరు. పసిపిల్లలు కూడా ఆమెన్ దాకా ఆగుతారు. మా ఆవిడ నాకేదో అయిందనుకుని నా భుజం పట్టుకుంది.

"ఆమె తినలేదు. మందే చెడింది. నేను చెడగొట్టాను."

ఆ తర్వాత మాటలు ఆగలేదు. నిలబడ్డ బండిలో పెట్టె చల్లబడదని, పచ్చ లైటు ఊరికే వెలుగుతుందని, ఆ లైటు పెట్టింది నేనేనని, థర్మామీటరులో ముప్పై ఎనిమిది చూశానని, చూసి కూడా ఐస్ పెట్టమని మాత్రమే చెప్పి మిగతాది మింగేశానని, ఈ ఇంట్లో ఆ సీసా ఉందని తెలిసి మామిడిపళ్ళ గురించి అడిగానని, ఇంటికెళ్ళి ఆ అబద్ధాన్ని నేనే మోశానని. వరస తప్పింది, రెండుసార్లు వెనక్కి వెళ్ళి చెప్పాల్సి వచ్చింది. వేళ్ళు పోవడానికి మందొక్కటే కారణమో కాదో నాకు తెలియదు, ఇంక ఎవరికీ తెలియదు. ఆ మాట కూడా చెప్పబోయి, అది మళ్ళీ తప్పించుకునే దారేనని తోచి ఆగిపోయాను.

మా ఆవిడ మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. ఆమెన్ ఎవరూ అనలేదు. డ్రైవరు మంచం మీది సీసా వైపు చూస్తున్నాడు. అయిదు గంటల చొప్పున ఇంజిన్ తిప్పి ఆ లైటును కాపాడినవాడు అతను. అతని వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆమె ఒక్కటే అడిగింది. "అయితె ఆ దినమే మీకు ఎర్కనా సార్?"

"ఆరోజే తెలుసమ్మా."

ఆమె తల తిప్పి భర్తను చూసింది. "ఇన్నవా? నేను తినలే" అంది. అంటూనే ఏడుపు ముంచుకొచ్చింది. వేళ్ళు తీసినప్పుడు కూడా కన్నీళ్ళు పెట్టుకోలేదని అంతకుముందే డ్రైవరు మాతో చెప్పాడు. ఇప్పుడు చెంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. మా ఆవిడ దగ్గరికి తీసుకోబోయింది. ఆమె ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపింది.

మర్నాటి నుంచి మేం ఊరూరా తిరిగాం. ఇంటింటికీ వెళ్ళి పాత సీసాలు తీసుకుని కొత్తవిచ్చాం. ప్రతి గుమ్మంలోనూ నేనే చెప్పాను. ఆదివారం చర్చిలోనూ లేచి చెప్పాను. స్తోత్రం అనాలో వద్దో తెలియక అందరూ ఊరుకున్నారు. కానీ అవన్నీ మౌలాలిలో ఆ సాయంత్రమంత కష్టంగా లేవు.

ఆరోజు ఆమె ఏడుపు ఆపుకుని, ముక్కు తుడుచుకుని, దిండు కింది నుంచి ఫోన్ తీసింది. నా మీద అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండుననుకున్నాను. వేళ్ళ గురించి ఆమె ఒక్క మాట కూడా అనలేదు. ఎవరికో ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, నా చేతికిచ్చింది.

"మా అత్తమ్మ. ఆమెకు చెప్పున్రి సార్."

అవతల గట్టిగా, ముసలి గొంతు. "ఎవరు?"

నేను ఎవరో చెప్పాను. మందుల బండికి లైటు పెట్టిన పంతుల్ని అన్నాను. "అమ్మా, మీ కోడలు మామిడిపండు తినలేదు. ఆమె తప్పేం లేదు. మందు నా వల్ల చెడింది" అన్నాను. ఆమె మంచం మీద ముందుకు వంగి, చెవి ఒగ్గి వింటోంది.

"ఇంకోపారి చెప్పున్రి" అంది ఆమె. "అత్తమ్మకు చెవులు సరిగ్గ ఇనపడయి."

గట్టిగా, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. చెప్పడం అయ్యాక ఆమె ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, డాక్టరు నంబరు వెతకడం మొదలుపెట్టింది.